లీటరు నీళ్లు

నా దగ్గర ఎర్ర అట్ట నోటు పుస్తకం ఒకటి ఉంది. చొక్కా జేబులో పట్టేంతది. అట్ట మీద నా బొటనవేలి గ్రీజు ముద్ర ఎండిపోయి అలాగే ఉంది. లోపల పదకొండు పేజీల నిండా అంకెలు. గంట ఎంత, ఇంజిన్ వేడి ఎంత, పై గొట్టం ఎలా ఉంది, కింది గొట్టం ఎలా ఉంది, నీళ్లు ఎన్ని పోశాను, పోస్తే తాగిందా లేదా.

జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడం నా ఉద్యోగం. ల్యాబులో మొదటి రోజు పిల్లలకి చెప్పే మాట ఒకటే. "చూసింది చూసినట్టు అప్పటికప్పుడే రాయండి. తర్వాత రాసుకోవచ్చులే అనుకుంటే ఆ రీడింగు పోయినట్టే." ఆ పదకొండు పేజీల్లో నేనూ ఆ మాట తప్పలేదు.

కారు మా నాన్నది. ఎనిమిదేళ్ల పాటు మాచర్లలో మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఉండేది. నాన్న ఆదివారం పూట దాన్ని తుడిచి, మూత తీసి, ఇంటి బోరు నీళ్లు చెంబుతో పోసేవాడు. పశువుకి కుడితి పెట్టినంత శ్రద్ధగా పోసేవాడు. ఆయన పోయాక అమ్మనీ కారునీ గుంటూరు తెచ్చుకున్నాను.

మార్చి నెలలో కారు హీటెక్కడం మొదలుపెట్టింది. శంకర్‌విలాస్ దగ్గర ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఆగితే చాలు, ముల్లు పైకి పాకేది. ఎందుకో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధనేమీ అక్కర్లేకపోయింది. రేడియేటర్ విప్పి, పై నోట్లో నీళ్లు పోస్తే కింది నోట్లోంచి బుడబుడా దూకాలి. సన్నటి ధార వచ్చింది, ఆ ధారలో తెల్లటి పెచ్చులు వచ్చాయి. వేళ్ల మధ్య నలిపితే సున్నం. పల్నాడు నేల కింద ఉన్నదంతా సున్నపురాయే. పిడుగురాళ్లలో సున్నం బట్టీలు, దాచేపల్లి పక్కన సిమెంటు ఫ్యాక్టరీలు, మాచర్లలో నాపరాళ్లు, అన్నీ ఆ రాయి పెట్టిన అన్నమే. ఆ రాతిలోంచి ఊరిన నీళ్లని కాచినకొద్దీ సున్నం విడిపోయి పాత్రకి పడుతుంది. మా ఇంట్లో నీళ్ల కాగు అడుగున అంగుళం మందాన పేరుకుంటే అమ్మ ఏడాదికోసారి కొట్టి రాల్చేది. కారు లోపలి సన్నటి గొట్టాలకి ఎనిమిదేళ్లుగా పట్టింది అదే. ప్రేమగా పోసిన నీళ్లే దాని గొంతు పూడ్చాయి.

మెకానిక్‌కి ఇవ్వబుద్ధి కాలేదు. నాన్న చేతి బండి, నా చేతుల్తోనే బాగుచెయ్యాలనిపించింది. కొత్త రేడియేటర్, రెండు గొట్టాలు, థర్మోస్టాట్ వాల్వ్, కొత్త మూత, కూలెంట్ డబ్బాలు తెచ్చుకున్నాను. మూడు ఆదివారాలు పట్టింది.

థర్మోస్టాట్‌ని బిగించే ముందు పరీక్షించాలి. అమ్మని అడిగితే పాత పాలగిన్నె ఇచ్చింది. అందులో నీళ్లు పోసి, వాల్వ్‌ని దారానికి కట్టి వేలాడదీసి, పక్కన ల్యాబు థర్మామీటరు పెట్టి స్టవ్ వెలిగించాను. అమ్మ స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. 70 దాటింది, 75 దాటింది, వాల్వ్ కదల్లేదు. 82 దగ్గర దాని మధ్యలో ఉన్న రాగి బిళ్ల వెంట్రుకవాసి లేచింది. 90 దాటేసరికి నోరు బాగా తెరిచింది.

"దానికెట్లా తెలుసురా వేడెక్కిందని?" అంది అమ్మ.

"లోపల మైనం ఉంటుందమ్మా. వేడికి కరిగి ఉబ్బుతుంది. ఉబ్బి పుల్లని తోస్తే వాల్వ్ తెరుచుకుంటుంది. అప్పుడు ఇంజిన్‌లో కాగిన నీళ్లు రేడియేటర్‌లోకి వెళ్లి చల్లారి వస్తాయి. చల్లగా ఉన్నంతసేపూ మూసుకునే ఉంటుంది."

అమ్మ ఆ గిన్నెలోకే చూస్తూ, "వేడెక్కితే నోరు తెరుస్తుందన్నమాట. మంచిదే," అంది.

నాలుగో పేజీలో రాశాను. 82, కదలిక. 94, పూర్తిగా తెరిచింది.

అన్నీ బిగించాక కూలెంటు పోశాను. బండి పుస్తకంలో మొత్తం నాలుగున్నర లీటర్లు పడుతుందని ఉంది. నేను పోస్తే మూడు లీటర్ల ముప్పావు దగ్గరే నిండి అంచుకొచ్చింది. తక్కువ పడిన ముప్పావు లీటరు ఇంజిన్ సందుల్లో మిగిలిపోయిన పాత నీళ్లేనని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క తప్పని తెలియడానికి మే నెల దాకా పట్టింది.

మా వీధి చివర మెకానిక్ ఒకసారి తొంగిచూసి, "మేష్టారూ, ఆ వాల్వ్ పీకి పారేయండి, గొడవొదిలిపోద్ది. మన ఎండలకి అదెందుకు?" అన్నాడు. చాలామంది చేసే పనే అది. కానీ వాల్వ్ లేకపోతే ఇంజిన్ కాగాల్సినంత కాగదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి అరుగుదల పెరుగుతుంది. ఇంజిన్‌కి వేడెక్కువైతే ఎంత చేటో, తక్కువైతే అంత చేటు. దానికో మధ్యస్థమైన వేడి ఉంది, అక్కడ నిలబెట్టడమే ఆ ఏర్పాటంతా. వాల్వ్ ఉంచాను.

మే నెలలో మాచర్లలో మా మేనమామ కొడుకు గృహప్రవేశం వచ్చింది. తెల్లవారుజామున ముహూర్తం, ముందు రోజే చేరాలి. "పొద్దున్నే ఐదింటికి బయల్దేరదాంరా, ఎండ ముదరకముందే పోయి పడదాం," అంది అమ్మ. నేను తెల్లారకముందే లేచి బానెట్ ఎత్తాను. క్లిప్పులు మళ్లీ బిగించాను, గొట్టాలు తడిమాను, స్టీరింగ్ కింద సాకెట్‌కి ఓబీడీ స్కానర్ పెట్టి ఫోనుకి కలిపాను. అది ఇంజిన్ వేడిని ఫోనులో అంకెల్లో చూపిస్తుంది. డాష్‌బోర్డు ముల్లు కంటే నమ్మకమైన సాక్షి. ఇవన్నీ అయ్యేసరికి తొమ్మిదిన్నర. అప్పటిదాకా అమ్మ పట్టుచీర మడత బ్యాగులో పెట్టుకుని వరండాలో కూర్చుని ఉంది. చేతిలో లీటరు స్టీలు సీసా. రాత్రి కుండలో చల్లారిన నీళ్లు అందులో పోసుకుంది.

బయల్దేరే ముందు అమ్మ ఎప్పుడూ మంచినీళ్లు తాగదు. దారిలోనూ తాగదు. నా చిన్నప్పుడు బస్సుల్లో వెళ్లినప్పుడు కూడా అంతే. మగవాళ్లకి ఏ గట్టు చాటైనా సరిపోతుంది, ఆడవాళ్లు ఎక్కడికి పోతారు? అందుకని ప్రయాణమంటే అమ్మకి నోరు కట్టుకోవడమే. సీసా మాత్రం తెచ్చుకుంటుంది. ఊరు కనపడ్డాక మూత తీసి గొంతు తడుపుకుంటుంది. డెబ్బై ఒకటో ఏట కూడా ఆ పద్ధతి మారలేదు.

అమ్మ ముందు సీట్లో నా పక్కన కూర్చుంది. నోటు పుస్తకం ఆమె ఒళ్లో పెట్టాను.

9.40, గుంటూరు, 84. 10.25, సత్తెనపల్లి, 90. 11.10, పిడుగురాళ్ల, 93. అంతవరకూ బాగానే ఉంది. పిడుగురాళ్ల దాటాక అంకె 99కి పోయి, అర నిమిషంలో 87కి పడిపోయి, మళ్లీ 98కి లేచింది. ఇంజిన్ అంత తొందరగా చల్లారదు. నీళ్లు తగులుతున్నప్పుడు ఒక అంకె, నీళ్లు తప్పుకుని ఆవిరి తగులుతున్నప్పుడు ఇంకో అంకె చూపిస్తోందంటే, సెన్సర్ దగ్గర గాలి బుడగ తిరుగుతోందన్నమాట. డాష్‌బోర్డు వెనక సన్నగా గలగలమని చప్పుడు కూడా మొదలైంది. బోర్లించిన బిందెలో నీళ్లు కదిలినట్టు.

దాచేపల్లిలో ఆపాను. అక్కడ తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. హీటరు పెట్టి చూడాలి. డాష్‌బోర్డు వెనక చిన్న రేడియేటర్ లాంటిది ఉంటుంది, ఇంజిన్‌లో కాగిన నీళ్లు అందులోంచి తిరిగితే వేడిగాలి వస్తుంది. ఇంజిన్ మండిపోతూ హీటరు వేడి చెయ్యలేదంటే ఆ దారిలో నీళ్లు లేవని అర్థం. హీటరు నిండా తిప్పాను. బయటి వడగాలి ఎలా ఉందో అలాగే వచ్చింది. ఎయిర్ లాక్. సందేహం లేదు. పక్క డబ్బాలో అర లీటరు కూలెంటు కలిపిన నీళ్లు పోశాను. "11.40, దాచేపల్లి. అర లీ. తాగింది," అని రాసి, హైదరాబాద్ రోడ్డు వదిలి గురజాల దారి పట్టాను.

ఆ రోజు ఎండ గురించి చెప్పాలి. వేసవి వచ్చిందంటే రేడియో వార్తల్లో రెంటచింతల పేరు వినని తెలుగువాళ్లుండరు. మేం వెళ్తున్నది ఆ రెంటచింతల మీదుగానే. రోడ్డు మీద నీళ్లున్నట్టు మెరుస్తోంది. మిరప కోసేసిన చేలు నల్లగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఏసీ వేస్తే రేడియేటర్ మీద ఇంకో బరువు పడుతుంది కనుక ఆపేశాను. అద్దాలు దించితే గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టు కొట్టింది.

"ఉక్కగా ఉందిరా," అంది అమ్మ, కొంగు తల మీద కప్పుకుంటూ.

"కాసేపు ఓర్చుకోమ్మా," అన్నాను.

గురజాల దాటి నాలుగైదు కిలోమీటర్లు వెళ్లామో లేదో ఫోనులో అంకె 108 చూపించింది. బండి రోడ్డు పక్కకి తీసి, మట్టి గట్టు మీదికి ముందు చక్రాలు ఎక్కించి ఆపాను. ముందు భాగం ఎత్తుగా ఉంటే బుడగ రేడియేటర్ మూత వైపు పైకి తేలుతుంది. 12.15.

వేడి మీద మూత తియ్యకూడదు. మామూలు నీళ్లు 100 దగ్గర మరుగుతాయి. సగానికి సగం కూలెంటు కలిపితే 107 దాకా ఆగుతాయి. పైన మూత బిగువుగా ఉండి ఒత్తిడి పట్టి ఉంచితే 120 దాటినా మరగవు. ఆ ఒత్తిడి ఒక్కసారిగా వదిలితే లోపలున్నదంతా క్షణంలో ఆవిరై మొహం మీదికి లేస్తుంది. ఎంత తొందరున్నా ఆగాల్సిందే. ముప్పావు గంట ఆగాను.

ఆ ముప్పావు గంట ఊరికే కూర్చోలేదు. ఏప్రిల్ నుంచి చేసిన ప్రతి పనీ పుస్తకంలో వెనక్కి తిప్పి చదివాను. తక్కువ పడిన ముప్పావు లీటరు దగ్గర ఆగాను. అది పాత నీళ్లు కాదు, గాలి. మరి ఆ గాలి బయటికెందుకు పోలేదు? థర్మోస్టాట్ చక్రం అంచున గుండుసూది తలంత రంధ్రం ఉంటుంది, అందులో చిన్న పిన్ను ఊగుతుంటుంది. వాల్వ్ మూసి ఉన్నప్పుడు కూడా గాలి అందులోంచి పైకి పోవాలి. గాలి పైకి తేలుతుంది కనుక బిగించేటప్పుడు ఆ రంధ్రం పైవైపు రావాలి. ఆ రోజు నా కళ్ల ముందు కనిపించింది. పాలగిన్నెలోంచి తీసి, తుడిచి, దాని గూట్లో పెట్టాను. రంధ్రం కిందికి పెట్టాను.

దొరికింది. ఆ ఎండలో నిలబడి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. తప్పు నాదే అయినా తప్పు దొరికింది, దొరికిన తప్పు దిద్దుకోవచ్చు. వాల్వ్ విప్పడం ఇక్కడ కుదరదు కానీ గాలిని వేరే దారిన పంపొచ్చు. ఇంజిన్ వెనక గోడ దగ్గర హీటరు గొట్టం అన్నిటికంటే ఎత్తులో ఉంటుంది. దాని క్లిప్పు కొంచెం వదులు చేసి, ముందు నుంచి నీళ్లు పోస్తూ పోతే గాలి అక్కడ నుంచి బయటికి పోతుంది. బుడగలు ఆగి నీళ్లే వచ్చాక బిగించాలి.

అమ్మ కారులోనే కూర్చుని ఉంది. గట్టు మీద చెట్టు లేదు, కింద తుమ్మచెట్టు నీడ ఉంది గానీ నేల నిండా ముళ్లు. డోరు తెరిచి పెట్టాను.

మూత మీద గుడ్డ వేసి కొంచెం కొంచెంగా తిప్పి తీశాను. లోపల చెయ్యి పెడితే అందనంత లోతుకి పోయింది నీరు. నా డబ్బాలో చుక్క లేదు. నేను తెచ్చుకున్న మంచినీళ్ల సీసా దాచేపల్లి దగ్గరే తాగేశాను. రోడ్డు అటూ ఇటూ చూశాను. ఆ వేళప్పుడు మనిషి అలికిడి లేదు.

"ఏంది, నీళ్లు కావాలా?" అంది అమ్మ. ఒళ్లో ఉన్న స్టీలు సీసా చాపింది. మూత కూడా తియ్యలేదు అప్పటిదాకా.

"నీకో?"

"నాకెందుకురా ఇప్పుడు? దారిలో నేను తాగుతానా ఏమన్నానా? ముందు దానికి పొయ్యి. అది కదిల్తేగా మనం కదిలేది."

తీసుకున్నాను. సీసా చల్లగా ఉంది. మూత తియ్యగానే కుండ నీళ్ల వాసన వచ్చింది. రేడియేటర్ నోట్లో వంచితే గుటగుటా లోపలికి పోయాయి. వెనక హీటరు గొట్టం దగ్గర ఉస్సుమని గాలి వదిలింది, తర్వాత బుడగలు, ఆ తర్వాత నీళ్లు. క్లిప్పు బిగించాను. సీసా ఆఖరి చుక్క వరకూ పట్టింది. పుస్తకం తెచ్చుకుని బానెట్ మీదే పెట్టి రాశాను.

ఇంజిన్ స్టార్ట్ చేశాను. ఇప్పుడు నేను ముందు నిలబడి గొట్టాలు తడమాలి, ఇంకొకరు లోపల అంకెలు చూడాలి. ఫోను అమ్మ చేతికిచ్చాను. "ఇక్కడ అంకె మారినప్పుడల్లా గట్టిగా చెప్పమ్మా." హీటరు నిండా తిప్పి ఉంచాను, నీళ్లు తిరిగాయో లేదో చెప్పాల్సింది అదే.

"డెబ్బై నాలుగు," అంది అమ్మ. "డెబ్బై ఎనిమిది." "ఎనభై ఒకటి." చిన్నప్పుడు నాకు ఎక్కాలు అప్పజెప్పించుకున్న గొంతు. "ఎనభై ఐదు." పై గొట్టం వేడెక్కింది. "ఎనభై తొమ్మిది." నా చెయ్యి కింది గొట్టం మీద ఉంది. చల్లగా ఉన్నదల్లా గోరువెచ్చనై, చూస్తుండగానే చురుక్కుమంది. వాల్వ్ తెరుచుకుంది. నీళ్లు రేడియేటర్ మొత్తం తిరిగి వస్తున్నాయి.

పరిగెత్తుకెళ్లి హీటరు జాలీ ముందు అరచెయ్యి పెట్టాను. నిప్పులు. చెయ్యి పెట్టలేకపోయాను. ఇంత వేడి గాలి కోసమే కదా పొద్దుటి నుంచీ ఎదురుచూసింది.

"అమ్మా, బాగైపోయింది!" అన్నాను. అమ్మ నవ్వింది. మొహం ఎర్రగా ఉంది.

హీటరు కట్టెయ్యలేదు. అది కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిలో కొంత లాగి బయట పారబోస్తుంది. మాచర్ల చేరేదాకా ఆ సాయం ఉంటే ఇంజిన్‌కి మంచిది. హెడ్డు అల్యూమినియంది, వేడికి ఒక్కసారి వంకర తిరిగితే గ్యాస్కెట్ పోతుంది, పదులవేలు ఖర్చు. ఇరవై పాతిక కిలోమీటర్లు ఓర్చుకుంటే అయిపోతుంది. అద్దాలు పూర్తిగా దించాను.

"అంకెలు చెప్తూ ఉండమ్మా."

"తొంభై." "తొంభై ఒకటి." "తొంభై." కొంతదూరం పోయాక, "ఎనభై... కాదు, ఏందిది," అని ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. కళ్లజోడు చెమటకి మసకేసిందనుకున్నాను. తర్వాత అంకెలు చెప్పడం మానేసింది. నేనే ఒంగి చూశాను. 91 దగ్గర కదలకుండా నిలబడి ఉంది. మారని అంకెని మాటిమాటికీ చెప్పడమెందుకని ఊరుకుందనుకున్నాను.

రెంటచింతల సెంటర్లో కూల్‌డ్రింక్ షాపులున్నాయి. మజ్జిగ, నిమ్మసోడా, గోనెసంచి కప్పిన ఐసు. ఆపుదామనుకున్నాను. కానీ నడుస్తున్న బండికి ఎదురుగాలి తగులుతుంది, ఆపితే అది పోతుంది, మళ్లీ వేడెక్కితే పొయ్యడానికి చుక్క లేదు. ఇరవై నిమిషాల్లో ఇంట్లో ఉంటాం. వేగం తగ్గించకుండా దాటేశాను. అమ్మ సీటుకి తల వాల్చి కళ్లు మూసుకుంది. తెల్లవారుజామున లేచిన మనిషి, నిద్ర పట్టిందనుకున్నాను.

1.55, రెంటచింతల, 91. 2.25, మాచర్ల, 90.

మేనమామ ఇంటి ముందు కొత్త పందిరి నీడలో బండి ఆపాను. రేడియేటర్ ఫ్యాను తిరిగి, దానంతటదే ఆగిపోయింది. ఒక్క చుక్క కారలేదు. నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో అనుకుంటూ అమ్మ వైపు డోరు తీశాను.

"దిగమ్మా, వచ్చేశాం."

అమ్మ కళ్లు తెరిచింది. నన్ను చూసింది గానీ గుర్తుపట్టిన చూపు కాదు. "మీ నాన్న అన్నం తిన్నాడా?" అంది, నాలుక మడతపడుతుండగా.

నాన్న పోయి పదిహేను నెలలు.

చెయ్యి పట్టుకున్నాను. బానెట్ మీద చెయ్యి వేసినట్టయింది. ఆ ఎండలో, ఆ వడగాలిలో నా చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. అమ్మ రవిక పొడిగా ఉంది. మెడ పొడిగా ఉంది. నుదుటి మీద చెమట ఎప్పుడో ఎండిపోయి సన్నటి ఉప్పు గీత మిగిలింది.

ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది. నర్సు థర్మామీటరు తీసి చూసి డాక్టరుగారి వైపు తిరిగి, "నూట ఐదు," అంది. ఐసు ముక్కలు గుడ్డల్లో చుట్టి మెడ పక్కన, చంకల్లో, తొడల సందుల్లో పెట్టారు. తడి దుప్పటి కప్పి రెండు ఫ్యాన్లు తిప్పారు. చల్లటి సెలైన్ ఎక్కించారు. నేనూ మా మేనమామా చెరో కాలూ తడిగుడ్డతో తుడుస్తూనే ఉన్నాం.

అమ్మ దక్కింది. రాత్రి ఎనిమిదింటికి నన్ను పేరు పెట్టి పిలిచింది, నాలుగో రోజు ఇంటికి తీసుకెళ్లాం. ఈ వేసవిలో పెద్దవాళ్లని వెంటబెట్టుకుని రోడ్డెక్కేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ మధ్యాహ్నం డాక్టరుగారు నాకు చెప్పినవి వాళ్లకి చెప్పడం నా బాధ్యత. వయసు మీదపడినకొద్దీ ఒంట్లో నీళ్లు తగ్గినా దాహం తెలియదు. అమ్మ వాడే బీపీ మాత్రలు ఒంట్లో నీళ్లని మూత్రంగా లాగేసే రకం. మనిషి ఒంటిని చల్లబరిచేది చెమటే. వడదెబ్బ ముదిరితే ఆ చెమట ఆగిపోవచ్చు, మాట తడబడుతుంది, మనిషి మగతలోకి జారిపోతుంది. చూసేవాళ్లకి నిద్రపోతున్నట్టే ఉంటుంది.

ఇవన్నీ చెప్పే ముందు డాక్టరుగారు కేసు షీటు పట్టుకుని నన్ను వరసగా అడిగారు.

"చెమట ఎప్పుడు ఆగింది?"

తెలియదన్నాను.

"మాట ఎప్పటి నుంచి తేడాగా ఉంది?"

తెలియదన్నాను.

"చివరిసారి నీళ్లు ఎప్పుడు తాగారు? సుమారుగా అయినా చెప్పండి."

నోరు పెగల్లేదు. అలవాటు కొద్దీ చెయ్యి జేబులోకి పోయింది. నేను పేజీ తిప్పుతుంటే డాక్టరుగారే చొరవగా పుస్తకం అందుకుని, వేలితో వరసలు దిగుతూ ఒకచోట ఆగారు. ఆ పదకొండు పేజీల్లో అమ్మ అన్న మాట ఉన్న వరస అదొక్కటే.

"1.05. అమ్మ సీసా. 1 లీ. మొత్తం తాగింది."

డాక్టరుగారి మొహం తేటపడింది. "ఒంటి గంటకి లీటరు నీళ్లు తాగారన్నమాట. నయం. టైముతో సహా రాసుకున్నారు, ఇంత జాగ్రత్తగా చూసుకునే కొడుకులు ఎంతమంది ఉంటారండీ," అంటూ కేసు షీటులో రాయబోయారు.

"అది రాయకండి డాక్టరుగారూ," అన్నాను.

"ఏం?"

"తాగింది అమ్మ కాదండీ. కారు."